పాడ్యమి పొద్దున పడ్డవాళ్ళు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా అంగడికి ఎదురుగా కానుగ చెట్టు కింద పంక్చర్లు వేసే భాయ్. బేతంచెర్లలో మా వీధివాళ్ళందరికీ ఆయన భాయే. నేను మాత్రం అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఒకనాటి మధ్యాహ్నం బెల్లం కోసం వచ్చి, పొట్లం చేతికి ఇచ్చినా కదలకుండా నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, మండలాఫీసులో మూడు దినాల ట్రైనింగు పెడతాండారంట. రోడ్డు మింద యాక్సిడెంట్లు యాల అయితాండాయి, ఎట్ల ఆపల్ల అని నేర్పిస్తారంట. పొదుపు సంఘం ఆడోళ్ళను గూడ రమ్మన్యారు. నువ్వు పోయిరా.”

“నీకెవరు చెప్పినారన్నా?”

“పొద్దున జీపు టైరుకు మేకు దిగింది. నేను టైరు ఇప్పినంతసేపూ ఇంజనీరమ్మ ఈడే నా స్టూలు మింద కూచుండె. ఆయమ్మే చెప్పింది.”

నాకు నవ్వొచ్చింది. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాయన ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, పంచాంగం చూడటం నేర్పాడు, అమ్మవారి స్తోత్రాలు నాలుగు నోటికి వచ్చేలా చేశాడు. అంతటితో నా చదువు పూర్తయింది. అలాంటిదాన్ని ఇంజనీర్ల మధ్య ఏం కూర్చుంటాను? ఆ మాటే అన్నాను.

“పంక్చరు యాడుందో కనుక్కోనీకి నేనేం కాలేజీకి పోయినానా?” అన్నాడాయన. “ట్యూబు నీళ్ళలో ముంచి ఓపిగ్గా చూస్తే సాలు. గాలి యాడ పోతాందో బుడగలే చెప్తాయి. నీకు ఓపిక శానా ఉండాది. పో.”

ఆయన అంత పట్టుబట్టడం వెనక ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. తెలిసిన సంగతి ఒకటి మాత్రం ఉంది. ఆ నెలలోనే మా వీధి వ్యాపారులంతా కూర్చుని ఆయనను అక్కడినుంచి లేపాలని తీర్మానం చేశారు.

మా అంగళ్ళ వరస ఉన్నది మూలమలుపు మీద. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి స్టేషనుకు పోయే రోడ్డు సరిగ్గా మా ముందే తిరుగుతుంది. నాపబండల లారీలు తెల్లటి నీళ్ళు కార్చుకుంటూ పోతుంటాయి. ఆ రాతి బురద ఎండితే సున్నపు పొడి, తడిస్తే పెరుగు. ఆ మలుపులో సైకిళ్ళూ మోపెడ్లూ జారి పడటం మామూలైపోయింది. అమ్మవారి దయ, ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు గానీ, మోచేతులూ మోకాళ్ళూ చాలామందివి పోయాయి. లారీల నీళ్ళే కారణమని కొందరు, మలుపులో ఏదో ఉందని కొందరు అనేవాళ్ళు. బట్టలంగడి శెట్టి గారిది మరో మాట.

“నా కండ్లతో చూసినా. పొద్దున్నే మసక మసకగా ఉన్నప్పుడు ఆ మలుపులో నిలబడి ఏందో పోస్తాంటాడు. ఆయిలు కాక ఇంగేముంటాది? బండి పడల్ల, రిపేరుకు ఎదురుగా ఉన్న అంగడికే పోవల్ల. గిరాకీ కోసం చేసే పని అప్పా ఇది!”

ఆ మాట అందరికీ ఇంపుగా ఉంది. వచ్చే అమావాస్య దాటేసరికి చెట్టు కింద జాగా ఖాళీ చేయమని చెప్పేశారు. మా ఆయన కూడా ఆ కూటంలో ఉన్నాడు. ఇంటికొచ్చి, అన్నం కలుపుకుంటూ, “ఇరవై ఏండ్లుగా ఈడ్నే ఉండాడు. ఒక్క మాట ఎదురు చెప్పలే. ‘మీ ఇష్టం శెట్టీ’ అన్యాడు,” అని చెప్పి, సగం అన్నం వదిలేసి లేచాడు. ఆయన మనసుకూ ఒప్పలేదని నాకు అర్థమైంది. కానీ భాయ్ ఆయిలు పోయకపోతే పొద్దున్నే అక్కడ ఏం చేస్తున్నట్టు? 

ట్రైనింగుకు పోతానంటే మా ఆయన పడీ పడీ నవ్వాడు. “నువ్వు రోడ్డు దాటల్లంటే నా చొక్కా పట్టుకుంటావు. నువ్వు పోయి రోడ్డుకు బుద్ధి చెప్తావా?”

“చొక్కా పట్టుకునేదాన్ని గాబట్టే నేర్చుకోనీకి పోతాండా,” అన్నాను.

“పోనీలేరా,” అంది లోపలినుంచి మా అత్తమ్మ. “మూడు దినాలు నీ చొక్కాకు ఇస్త్రీ నిలుస్తాది.”

మొదటి రోజు పేరు రాయించుకునే కాగితంలో ‘చదువు’ అన్న చోట నా పెన్ను ఆగిపోయింది. ఇంజనీరమ్మ చూసింది. కర్నూలు మనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు, ముఖంలో ఎప్పుడూ నవ్వు. “చదవడం వచ్చా? రాయడం వచ్చా? అయితే ‘ఇంటి చదువు’ అని రాయండమ్మా, అది కూడా చదువే,” అంది. ఆ రోజునుంచి ఈ రోజు వరకూ చదువెంతని అడిగిన చోటల్లా నేను అదే రాస్తున్నాను, తలవంచకుండా.

ఆమె మొదట చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “ఒకసారి జరిగితే తలరాత అనుకుందాం. ఒకే చోట మళ్ళీ మళ్ళీ జరిగితే ఆ చోటు మనకు ఏదో చెబుతోందని అర్థం. తప్పెవరిది అని తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. మనం అడగాల్సింది ఎక్కడ, ఎప్పుడు, ఏ వెలుగులో, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, బండి ఎటు తిరుగుతోంది అని.”

తర్వాత అడుగు స్కేలు ఒకటి తీసి మా వేళ్ళ మధ్య నిలబెట్టి, చెప్పకుండా వదిలింది. పడిపోయేలోగా పట్టుకోవాలి. అంగన్‌వాడీ టీచరమ్మ చివరి అంచు దగ్గర దొరకబుచ్చుకుంది. నేను మూడుసార్లూ స్కేలు నేలమీద పడ్డాక వంగి తీశాను. హాలంతా ఒకటే నవ్వు. “చూశారా, కన్ను చూసింది, చెయ్యి కదలడానికి ఇంత ఆలస్యం. ఆ ఆలస్యంలో బండి ఆగదు, పోతూనే ఉంటుంది,” అంది ఇంజనీరమ్మ.

మధ్యాహ్నం ఆఫీసు ముందర బండలు పరిచిన చోట అటెండరు చేత సైకిలు తొక్కించింది. సుద్దగీత దగ్గర బ్రేకు పట్టమంది. పొడి నేల మీద ఆగాడు. తర్వాత నాలుగు బిందెల నీళ్ళు పోయించింది. అటెండరు ఈసారి సుద్దగీత దాటి, ఆమెను దాటి, “అమ్మా, అమ్మా” అంటూ జెండా కొయ్యను కౌగిలించుకుని ఆగాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన కూడా దిగి మాకు దండం పెట్టాడు. అంత హాయిగా నేను ఇంటిబయట నవ్వి ఎన్నేళ్ళయిందో!

సాయంత్రం పలక మీద తొమ్మిది గళ్ళు గీసింది. అడ్డంగా మనిషి, బండి, రోడ్డు. నిలువుగా పడకముందు, పడుతున్నప్పుడు, పడిన తర్వాత. ఏ గడీ ఖాళీగా వదలకుండా ఆలోచించాలి అంది. నాకు గుడిలో నవగ్రహాలు గుర్తొచ్చాయి. ఎనిమిదింటికి దీపం పెట్టి ఒకదాన్ని మరిచిపోతే ప్రదక్షిణ చేసి ఏం లాభం? అలా అనుకున్నాక ఆ తొమ్మిది గళ్ళూ ఇంక నాకు కొత్తగా అనిపించలేదు.

రెండో రోజు జట్లుగా విడదీసి ఒక్కో చోటు అప్పగించారు. మా జట్టుకు మా అంగళ్ళ మలుపే వచ్చింది. టీచరమ్మ, నేను చెరి ఒక కాగితం పట్టుకుని ఆ మలుపులో పడ్డవాళ్ళ ఇళ్ళకు పోయాం. పదకొండుమంది దొరికారు. టీచరమ్మ తారీఖులు రాసుకుంది. నేను వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

పాలాయన అందరికంటే ముందు నోరు విప్పాడు. “పాలు పోతే పోనీలే అక్కా, ఇజ్జత్ పోయె. క్యాను దొర్లుకుంటా స్టేషను దాకా పోతాంటే జనమంతా చూసిరి.”

“ఏ తారీకున?” అని టీచరమ్మ.

“తారీకు నాకేం ఎరిక? పదో, పన్నెండో రాసుకోండి.”

“మరి ఏ పొద్దప్పా?” అని నేను.

“ఫ్యాక్టరీలకు నెలకొక రజా ఉంటాది గదా, ఆ సెలవు మరుసటి పొద్దున. ఆ పొద్దు అందరికీ తొందరే గదా.”

పాలిష్ పనికి పోయే మరో ఆయన, “దేవునికి కాయ కొట్టుకొని పండుకున్యా. తెల్లారి లేసి పనికి పోతాంటే పడ్న్యా. దేవునికి నా మింద ఏం కోపమో,” అన్నాడు. అలా ఒక్కొక్కరూ. నేను ఆ గుర్తులను పంచాంగంతో సరిచూసుకుని, ప్రతి మాట పక్కన తిథి వేసుకున్నాను.

మూడో రోజు. హాల్లో నేలమీద సుద్దతో మా మలుపు బొమ్మ గీశాం. పడ్డచోటల్లా పెట్టడానికి అంగడినుంచి గుప్పెడు చింతగింజలు తెచ్చాను. గింజలన్నీ మలుపు లోపలి అంచున, అంగళ్ళ ముందర పోగుపడ్డాయి. టీచరమ్మ తారీఖులు చదివింది. ఐదు, పన్నెండు, ఇరవై మూడు, పది. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. 

“మీరు చదవండమ్మా,” అంది ఇంజనీరమ్మ నాతో.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “పాలాయన, శుద్ధ పాడ్యమి. పాలిష్ పనాయన, శుద్ధ పాడ్యమి. స్కూలు ఆయా, శుద్ధ విదియ. గ్యాసు బండ్లాయన, శుద్ధ పాడ్యమి…”

వెనకనుంచి ఎవరో, “ఏమక్కా, పంచాంగ శ్రవణమా? దక్షిణ ఎంత?” అన్నారు. హాలు గొల్లుమంది. నాకు చెవులు వేడెక్కాయి. కానీ చదవడం ఆపలేదు. పదకొండులో ఎనిమిది పాడ్యమి. నవ్వు మెల్లగా ఆగిపోయింది.

“పాడ్యమి అంటే?” అంది ఇంజనీరమ్మ.

“అమావాస్య మరునాడు మేడం,” అని టీచరమ్మ. “పాడ్యమి పూట ప్రయాణం మంచిది కాదంటారు. దానికే పడింటారు.”

“ఊళ్ళో అన్ని రోడ్ల మీదా ఆ రోజు ప్రయాణం చేస్తారు కదా. మరి ఇక్కడే ఎందుకు పడుతున్నారు? సరే, ముందు రోజు అమావాస్యకు ఈ చోట ఏమైనా చేస్తారా?”

 నేను నేలమీది బొమ్మవైపు చూశాను. అంగళ్ళ ముందు చింతగింజలు.  అమావాస్య సాయంత్రం దీపాలవేళ మా వరసలో ప్రతి అంగడివాళ్ళూ బూడిద గుమ్మడికాయను తొలిచి పసుపు కుంకుమ పోసి, కర్పూరం వెలిగించి, మూడుసార్లు దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొడతారు. మా అంగడి కాయ కొట్టేది మా అత్తమ్మ. కాయ అందించేది నేను.

“గుమ్మడికాయ కొడతాం,” అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. “రోడ్డు మింద. వరసంతా.”

ఆ కండ తెల్లగా ఉంటుంది. రాతి బురదా తెల్లగానే ఉంటుంది. రాత్రి లారీలు తొక్కి రెండింటినీ కలిపేస్తాయి. తెల్లారి మసకలో, అమావాస్య సెలవు తర్వాత పనికి తొందరగా పోయేవాడు, మలుపులో బండి పక్కకు వంచేసరికి చక్రం కింద అది ఉంటుంది. తెలుపులో తెలుపు. ఇన్నాళ్ళూ మేం చూస్తూ కూడా చూడలేదు. పక్కన ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

ఇంజనీరమ్మ చప్పట్లు కొట్టలేదు, తప్పు పట్టలేదు. ఒకటే అడిగింది. “ఆ వేళకు రోడ్డు మీద ఉండేవాళ్ళలో మీరు అడగనివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

ఉన్నారు. మా అంగడికి ఎదురుగానే. పదకొండు ఇళ్ళు తిరిగినదాన్ని, రోడ్డు దాటి ఆయనను ఒక్క మాట అడగలేదు. శెట్టి గారి మాట నిజమైతే వినాల్సివస్తుందన్న భయం నాలో ఎక్కడో ఉన్నట్టుంది. అమ్మవారు నన్ను క్షమించాలి.

మధ్యాహ్నం విరామంలో నేరుగా కానుగ చెట్టు కిందికి పోయాను. ఆయన ట్యూబును నీళ్ళ బేసిన్‌లో తిప్పుతున్నాడు.

“అన్నా, పాడ్యమి పొద్దున మలుపులో ఏం పోస్తాంటావు?”

“ఇసక,” అన్నాడు తల ఎత్తకుండానే.

“ఇసకా?”

“గుమ్మడికాయల మింద. ఒక్క గంపెడు తెస్తా. మీరేమో వరసంతా కొడతారు. యాడికని సాలుతాది?”

“ఆ మాట కూటంలో యాల చెప్పలే?”

అప్పుడు చేతులు తుడుచుకుని నావైపు చూశాడు. “మీ దేవుని పని చెల్లెమ్మా అది. నేను నోరిప్పి ‘మీ కాయల మింద జారే పడతాండారు’ అంటే, ఆ మాట యాడికి పోయి యాడ తేల్తాదో? జాగా పోతే ఇంగో చెట్టు దొరుకుతాది. వీధిలో మాట ఒకసారి చెడితే ఏ పంక్చరు అతికేది?”

“మరి నాకన్నా చెప్పొచ్చు గదన్నా!”

“చెప్పితి గదా,” అన్నాడు, మీసాల్లో నవ్వుతూ. “ట్రైనింగు ఉండాదని చెప్పితి.”

ఆ సాయంత్రం దేవుని ముందు దీపం వెలిగించాక అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె వత్తి సరిచేసి నావైపు తిరిగింది.

“అంటే నేను కొట్టిన కాయ మింద జారి వాండ్లు పడినారంటావు.”

“మనదొకటే గాదు అత్తమ్మా, అందరివీ.”

“అందరి సంగతి అందరు చూసుకుంటారు. ముందు మనది చెప్పు.”

“మనదీ ఉండాది,” అన్నాను. ఆమె మెల్లగా అంది. “కాయ కొట్టేది మానను. మా అత్త కాడ్నుంచి వచ్చిన మాట. కానీ ఆయమ్మ కాలంలో అంగడి ముందర మట్టి దారి. కొట్టిన కాయను మట్టే తాగేసేది. ఇప్పుడు తారు తాగుతాదా? మన దిష్టి తీసి ఇంగొకరి కాళ్ళ కిందికి తోస్తే అమ్మవారు ఒప్పుతాదా? అటక మింది ఇనుప బాండ్లి దించమను నా కొడుకును.”

మట్టి మోసే ఆ బాండ్లిని మా ఆయన దించి, తోమి, గడప ముందు పెట్టాడు. అత్తమ్మ అక్కడితో ఆగలేదు. అమావాస్యకు ముందు రోజు కర్ర పట్టుకుని వరసలో ప్రతి అంగడి మెట్టూ ఎక్కింది. నేను పలకా, తొమ్మిది గళ్ళూ పట్టుకుని వెనకాలే నడిచాను. నా పలక ఎవరూ చూడలేదు గానీ, ఆమె కర్ర మాత్రం అందరూ చూశారు. బట్టలంగడి శెట్టి గారు, “పెద్దమ్మా, బాండ్లిలో కొడితే దిష్టి పోతాదా?” అని అడిగాడు.

“నీ దిష్టి సంగతి నాకు తెల్వదు గానీ,” అంది అత్తమ్మ, “నీ నోట్లోని ఆయిలు ముందు పోవల్లప్పా. అది శానా జారుతాది.”

శెట్టి గారు రెండు క్షణాలు చూసి, తల గోక్కుని, నవ్వేశాడు. ఆయన గుమాస్తాలు ముఖాలు తిప్పుకుని నవ్వారు. ఆ సాయంత్రం మొదటి బాండ్లి కొన్నది ఆయనే.

అమావాస్య దీపాలవేళ మా వరసంతా గణగణమని మోగింది. ఇనుములో కాయ పగిలే చప్పుడు అంత బాగుంటుందని ఎవరికి తెలుసు! ఒకరి తర్వాత ఒకరు, గుడిగంటల్లాగా. ముక్కలన్నీ ఎత్తి కానుగ చెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాం. గొయ్యి తవ్వింది మా ఆయన.

పాడ్యమి పొద్దున తెల్లారకముందే లేచి స్నానం చేసి, అమ్మవారికి దండం పెట్టుకుని బయటికి వచ్చాను. అప్పటికే మా ఆయన, శెట్టి గారు, ఇంకో నలుగురు అరుగుల మీద నిలబడి ఉన్నారు. భాయ్ అలవాటు కొద్దీ ఇసక గంప పట్టుకుని వచ్చి, రోడ్డు చూసి, గంపను బోర్లించి దానిమీదే కూర్చున్నాడు. పాలాయన వచ్చాడు. మలుపు దగ్గర బండి వంచాడు. మేమంతా అరుగుల అంచుకు వచ్చి చూశాం. ఆయన మమ్మల్ని చూసి హడలిపోయాడు.

“ఏందప్పా అట్ల చూస్తాండారు? నేను పడల్లని కాచుకొని ఉండారా?”

“పడొద్దని!” అన్నారు అందరూ ఒక్కసారిగా. ఆయన క్యాన్లు మోగించుకుంటూ పోయాడు. వెనకాల సైకిళ్ళు, మోపెడ్లు, సద్దిమూటలు కట్టుకున్న పనివాళ్ళు. ఎండ పైకి వచ్చేదాకా చూశాం. ఎవరూ పడలేదు. మా ఆయన లోపలికి పోయి, నన్ను అడగకుండా తానే టీ కాచి, రెండు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటాడు.

“భాయ్, నీ జాగా యాడికీ పోదు. మాదే తప్పు.”

“జాగా సరేలేప్పా,” అన్నాడు భాయ్ టీ అందుకుంటూ. “ఇసక మోసే పని తప్పిస్తిరి. నా మోకాలు మీకు దండం పెడతాంది.”

నేను ఇవతలి అరుగు మీదినుంచి చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఏం తోచిందో, రోడ్డుకు అటూ ఇటూ చూసి, ఎవరి చొక్కా పట్టుకోకుండా దాటి, మూడో గ్లాసుతో వాళ్ళ దగ్గరికి పోయాను. మా ఆయన కళ్ళు పెద్దవి చేసి చూశాడు. 

నాకు చదువు చెప్పిన నాయనకు, ఆ చదువును చదువే అన్న ఇంజనీరమ్మకు, బాండ్లి దించమన్న అత్తమ్మకు నేను రోజూ దీపం ముందు కృతజ్ఞత చెప్పుకుంటాను. భాయ్ ఇప్పుడు చూపు మందగించి కోయిలకుంట్లలో కూతురింట్లో ఉన్నాడు. ఆయనకు నేను ఒక్కదాన్నే చెప్పుకుంటే చాలదనిపిస్తుంది. ఇది చదివిన మీకు ఎప్పుడైనా పొద్దున్నే రోడ్డు మీద పగిలిన గుమ్మడికాయ కనిపిస్తే, దాన్ని పక్కకు తీసి గుప్పెడు ఇసక చల్లండి. చల్లేటప్పుడు, మా మలుపులో నింద మోస్తూనే గంపెడు ఇసక మోసిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.